కాస్మెటిక్ సర్జరీకి సరే అనే ముందు: రిస్క్‌ను అడుగడుగునా అంచనా వేసుకోవడం ఎలా?

మా చెల్లికి రెండూ సిజేరియన్లే. రెండో బాబుకి మూడేళ్లు నిండినా పొట్ట మాత్రం ఐదో నెల కడుపులాగే ఉండేది. బస్సులో ఎవరో లేచి సీటిచ్చారని ఒకరోజు ఇంటికొచ్చి ఏడ్చింది. ఫిబ్రవరిలో తమ్ముడి పెళ్లి. ఆలోపు పొట్ట తగ్గించుకోవాలని డిసెంబర్‌లో హైదరాబాద్‌లో ఒక క్లినిక్‌కి ఒక్కతే వెళ్లింది. డాక్టర్ కంటే ముందు కౌన్సిలర్ అనే అమ్మాయి కూర్చోబెట్టి మాట్లాడిందట. "చిన్న ప్రొసీజరే మేడమ్, పొద్దున వస్తే సాయంత్రానికి ఇంటికెళ్లిపోవచ్చు. ఇవాళే అడ్వాన్స్ కడితే లైపో మీద డిస్కౌంట్ ఉంది" అంది. ఆ రాత్రి చెల్లి నాకు ఫోన్ చేసి, "అక్కా, రేపు ఇరవై వేలు పంపగలవా?" అని అడిగింది.

నేను డబ్బు పంపలేదు, వద్దనీ చెప్పలేదు. "ఏమేం తేడా చేయొచ్చో చెప్పారా?" అని మాత్రం అడిగాను. "ఏమీ కాదన్నారు" అంది. ఆ మాటకే నాకు టెన్షన్ పట్టుకుంది. ఏ ఆపరేషన్‌లోనూ "ఏమీ కాదు" అనేది ఉండదు. ఆ తర్వాత రెండు నెలలు ఇద్దరం కలిసి తిరిగాం. ముగ్గురు సర్జన్లను కలిశాం, చదివాం, అడిగాం. అలా తెలుసుకున్నదంతా, ఏది ముందు ఏది తర్వాత అన్న వరుసలో ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. అపెండిక్స్ పగిలేలా ఉంటే ఆపరేషన్ రిస్క్ గురించి ఆలోచించే తీరిక ఉండదు. చేయించుకోకపోతేనే ఎక్కువ ప్రమాదం కాబట్టి బల్ల ఎక్కుతాం. కాస్మెటిక్ సర్జరీలో బల్ల మీద పడుకునేది ఆరోగ్యంగా ఉన్న మనిషి. ఆరు నెలలు ఆగితే వచ్చే నష్టం ఏమీ లేదు. ఇక్కడ మన చేతిలో ఉన్న పెద్ద బలం ఈ తీరికే. "ఇవాళే కట్టండి" అన్న మాట ఎవరు అన్నా ఆ తొందర వాళ్లది, మీది కాదు.

మొదటి అడుగు: సమస్య ఏమిటో ఒక వాక్యంలో రాయండి

"అందంగా కనిపించాలి" అని రాస్తే ఏ సర్జనూ ఏమీ చేయలేడు. "పొట్ట కింది భాగంలో చర్మం మడతపడి వేలాడుతోంది, వేసవిలో ఆ మడతలో ఒరుసుకుపోయి పుండవుతోంది" అని రాస్తే దానికి జవాబు ఉంటుంది. చెల్లి రాసిన మొదటి వాక్యం "లావు తగ్గాలి". అక్కడే తప్పుదారి మొదలైంది. లైపోసక్షన్ బరువు తగ్గించే చికిత్స కాదు. చర్మం కింద ఒకచోట పేరుకున్న కొవ్వును తీసి ఆకారం మారుస్తుంది, అంతే. వేలాడే చర్మాన్ని అది బిగించదు. కాన్పులప్పుడు పొట్ట మధ్యలోని రెండు నిలువు కండరాలు ఎడంగా జరిగిపోతాయి. ఆ ఎడాన్ని కూడా లైపో సరిచేయదు. మా చెల్లి పొట్టకు అసలు కారణం ఆ కండరాల ఎడమే. క్లినిక్‌లో డిస్కౌంట్ ఇస్తానన్న ఆపరేషన్ తన సమస్యకు సంబంధించిందే కాదు! ఈ సంగతి మాకు రెండో సర్జన్ దగ్గర, పడుకోబెట్టి తల కొంచెం పైకెత్తమని చేత్తో నొక్కి చూశాక తెలిసింది. ఎడం కొద్దిగానే ఉంటే ఫిజియోథెరపీ వ్యాయామాలతో చాలామందికి మెరుగవుతుందని కూడా ఆయనే చెప్పారు.

వేలాడే చర్మాన్ని కోసి తీసి, ఎడమైన కండరాలను దగ్గరకు లాగి కుట్టే ఆపరేషన్‌ను టమ్మీ టక్ అంటారు. ఇంకా పిల్లలు కావాలనుకుంటే దాన్ని వాయిదా వేసుకోవడమే మంచిది. మళ్లీ కడుపు పెరిగితే బిగించినదంతా సాగిపోతుంది. బరువు ఇంకా పదికిలోలు తగ్గే ఆలోచన ఉన్నా అంతే, తగ్గి, ఆ బరువు మీద కొన్ని నెలలు నిలబడ్డాక రావాలి.

రెండో ప్రశ్న: ఇది ఎవరి కోరిక? పెళ్లిచూపుల్లో ఎవరో ముక్కు గురించి అన్న మాట, భర్త వెటకారం, ఆఫీసులో కామెంట్, వీటి కోసం కత్తి కిందికి వెళ్లకండి. ఆపరేషన్ తర్వాత ముక్కు మారుతుంది గానీ ఆ అన్నవాళ్లు మారరు. సెల్ఫీ చూసి ముక్కు పెద్దదని బెంగపడేవాళ్లకు ఒక సంగతి. 2018లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, 12 అంగుళాల దూరం నుంచి తీసిన ఫొటోలో ముక్కు కింది భాగం, ఐదడుగుల దూరం నుంచి తీసినదానితో పోలిస్తే 30 శాతం దాకా వెడల్పుగా కనిపిస్తుంది. ఫోన్ చేతిలో పట్టుకుంటే పడే ముక్కు మీ ముక్కు కాదు. ఎవరికీ పెద్దగా కనిపించని లోపం గురించి రోజూ గంటల తరబడి అద్దం ముందు గడుపుతున్నా, బయటికి వెళ్లడం మానేసినా ముందు మానసిక వైద్యుణ్ని కలవండి. దానికి బాడీ డిస్‌మార్ఫిక్ డిజార్డర్ అని పేరుంది, చికిత్స ఉంది. ఆ స్థితిలో సర్జరీ చేయించుకుంటే తృప్తి దొరకదు, బెంగ ఇంకో అవయవం మీదికి మారుతుంది.

రెండో అడుగు: ఆ ఆపరేషన్‌కు ఏమేం తేడా చేయొచ్చో తెలుసుకోండి

రిస్కులు రెండు రకాలు. తరచుగా వచ్చి, ఇబ్బంది పెట్టి, తగ్గిపోయేవి ఒకటి. అరుదుగా వచ్చి ప్రాణం మీదికి తెచ్చేవి రెండోది. రెంటినీ కలిపి "అన్నిట్లోనూ ఉండేవే" అని దాటేసే డాక్టర్ దగ్గర ఆగి, విడివిడిగా అడగండి.

టమ్మీ టక్ సంగతే తీసుకుందాం, నాకు బాగా తెలిసింది అదే కాబట్టి. మచ్చ ఒక తుంటి ఎముక దగ్గర నుంచి ఇంకో తుంటి ఎముక దాకా ఉంటుంది. సిజేరియన్ మచ్చకు మూడింతలు అనుకోండి. బొడ్డును కొత్త చోట కుట్టాలి. బొడ్డు కింద చర్మం నెలల తరబడి మొద్దుబారి ఉంటుంది, కొందరికి స్పర్శ పూర్తిగా తిరిగిరాదు. చర్మం కింద నీరు చేరడం అన్నిటికంటే ఎక్కువగా కనిపించే ఇబ్బంది. అందుకే ట్యూబులు పెట్టి పంపుతారు, అవి తీశాక కూడా నీరు చేరితే సూదితో లాగుతారు. కుట్ల మధ్యలో, అంటే చర్మం బాగా బిగువుగా ఉన్నచోట, గాయం మానక విచ్చుకోవచ్చు. పొగతాగేవాళ్లలో అక్కడ చర్మం నల్లబడి చచ్చిపోవడం ఎక్కువ. పొట్ట పైభాగంలో పాత ఆపరేషన్ మచ్చ ఉంటే తప్పకుండా చూపించాలి, కిందికి రక్తం అందే దారి అక్కడ తెగి ఉంటుంది.

వీటన్నిటికంటే భయపడాల్సింది కాలి సిరల్లో రక్తం గడ్డకట్టడం. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళితే నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. కాస్మెటిక్ ఆపరేషన్లలో ఈ రిస్క్ ఎక్కువగా ఉన్నవాటిలో టమ్మీ టక్ ముందుంటుంది. పొట్ట బిగించడం, ఎక్కువసేపు మత్తు, తర్వాత నొప్పికి భయపడి కదలకుండా పడుకోవడం, అన్నీ కలిసొస్తాయి. మంచి సర్జన్ మీ వయసు, బరువు, ఇంట్లో ఎవరికైనా గడ్డకట్టిన చరిత్ర అన్నీ చూసి స్కోర్ వేస్తారు. దాన్ని క్యాప్రిని స్కోర్ అంటారు. "నా స్కోర్ ఎంత, గడ్డకట్టకుండా ఏం చేస్తారు?" అని అడగండి. ఆ ప్రశ్నకు ముఖం చిట్లిస్తే లేచి వచ్చేయండి.

లైపోసక్షన్‌ను "సూది ఆపరేషన్" అని తేలిగ్గా చెప్తారు. బయట గాటు చిన్నదే, లోపల గాయం మాత్రం గొట్టం తిరిగినంత మేర ఉంటుంది. చర్మం ఎగుడుదిగుడుగా మిగలడం మామూలుగా చూసే ఫిర్యాదు. గొట్టం పొట్ట గోడ దాటి పేగుకు తగలడం, కొవ్వు రక్తంలో కలిసి ఊపిరితిత్తులకు చేరడం, ఒంట్లో నీటి లెక్క తప్పడం అరుదు. కానీ ప్రాణాలు తీసేవి అవే. మొత్తం తీసేది 5 లీటర్లు దాటితే దాన్ని భారీ లైపోగా లెక్కించి, ఆ రాత్రి ఆసుపత్రిలోనే ఉంచి కనిపెట్టాలన్నది సర్జన్ల సంఘాల సలహా. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. కొవ్వులోకి ఎక్కించే ద్రావణంలో లిగ్నోకైన్ అనే మొద్దుబార్చే మందు ఉంటుంది. అది రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరేది ఇంచుమించు 12 గంటల తర్వాత. పొద్దున చేయించుకుని సాయంత్రం ఇంటికొస్తే, మోతాదు ఎక్కువైన పక్షంలో ఆ విషం ప్రభావం చూపేది అర్ధరాత్రి మీ మంచం మీదే. నాలుక తిమ్మిరెక్కడం, చెవుల్లో మోత, తికమకగా మాట్లాడటం దాని మొదటి గుర్తులు. 2022 మేలో బెంగళూరులో కన్నడ సీరియల్ నటి చేతనా రాజ్ కొవ్వు తీసే సర్జరీ చేయించుకున్న రోజే చనిపోయింది. ఆ అమ్మాయికి 21 ఏళ్లు.

మిగతావి క్లుప్తంగా. ముక్కు ఆపరేషన్‌లో వాపు పూర్తిగా దిగడానికి ఏడాది పడుతుంది, శ్వాస ఇబ్బంది రావచ్చు, రెండో ఆపరేషన్ అవసరమయ్యేవాళ్లు ఉంటారు. రొమ్ములో పెట్టే ఇంప్లాంట్లు జీవితాంతం ఉండేవి కావు. చుట్టూ పొర గట్టిపడటం, చిరగడం, మార్చాల్సి రావడం ఉంటాయి. అరుదైన ఒక రకం లింఫోమా క్యాన్సర్‌తో సంబంధం ఉందని తేలి 2019లో ఒక రకం గరుకు ఇంప్లాంట్లను వెనక్కి తీసుకున్నారు. 2021లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ రొమ్ము ఇంప్లాంట్లన్నిటికీ అతి తీవ్రమైన హెచ్చరిక ముద్ర తప్పనిసరి చేసింది. పిరుదుల్లోకి కొవ్వు ఎక్కించే ఆపరేషన్‌లో మూడు వేల మందికి ఒకరు చనిపోతున్నారని 2017లో అంచనా వేశారు. కొవ్వు కండరం లోపలి పెద్ద సిరల్లోకి వెళ్లడమే కారణం. చర్మం కింద మాత్రమే ఎక్కించాలని తర్వాత గట్టిగా చెప్పారు. ఎత్తు పెంచుకోవడానికి కాళ్ల ఎముకలు కోసి సాగదీసే ఆపరేషన్‌ను దయచేసి కాస్మెటిక్ జాబితాలో వేయకండి. 2016లో హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఇంట్లో చెప్పకుండా అది చేయించుకున్నప్పుడు తల్లిదండ్రులు పడ్డ క్షోభ మనమందరం టీవీల్లో చూశాం.

మూడో అడుగు: ఆ రిస్క్ మీ ఒంట్లో ఎంత?

ఒకే ఆపరేషన్, ఒకే సర్జన్. అయినా మీ రిస్క్, మీ పక్కింటావిడ రిస్క్ ఒకటి కావు. ఒక కాగితం తీసుకుని ఇవి రాసుకోండి, డాక్టర్ అడగకపోయినా చెప్పండి.

హిమోగ్లోబిన్. మన రెండు రాష్ట్రాల్లోనూ సగం మందికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్తోంది. నీరసం అలవాటైపోయి మనకు తెలియదు. చెల్లికి 9.1 ఉంది. మొదటి క్లినిక్‌లో ఆ పరీక్షే రాయలేదు. మూడో సర్జన్ రిపోర్ట్ చూసి, "ముందు దీన్ని 12 దాటించుకుని రండి, అప్పుడు మాట్లాడదాం" అని పంపేశారు. ఆ రోజు చెల్లి ముఖం చిన్నబుచ్చుకుంది. ఆయన మీద నాకు నమ్మకం కుదిరింది మాత్రం ఆ మాటతోనే.

షుగర్ ఉంటే మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ చూపించండి. అదుపులో లేకపోతే గాయం మానదు, చీము పడుతుంది. బీపీ, థైరాయిడ్, ఆస్తమా, గురకతో నిద్రలో శ్వాస ఆగడం, ఇవన్నీ మత్తు డాక్టర్‌కు తెలియాలి. కుటుంబంలో ఎవరికైనా మత్తు వికటించి ఉంటే అదీ చెప్పాలి.

మందుల్లో మనం చెప్పడం మర్చిపోయేవే ఎక్కువ ముఖ్యం. గర్భనిరోధక మాత్రలు రక్తం గడ్డకట్టే రిస్క్ పెంచుతాయి. పూజ ఉందనో పెళ్లి ఉందనో నెలసరి వాయిదాకు వేసుకునే మాత్రలూ దాచకండి. బరువు తగ్గడానికి వారం వారం పొడుచుకునే సెమాగ్లుటైడ్ లాంటి ఇంజెక్షన్లు వాడుతుంటే పొట్ట ఆలస్యంగా ఖాళీ అవుతుంది. ఉపవాసం ఉన్నా మత్తులో వాంతయ్యి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. చేపనూనె, విటమిన్ ఇ, వెల్లుల్లి క్యాప్సూల్స్ రక్తస్రావం పెంచవచ్చు. "ఆయుర్వేదమే కదా" అని వదిలేయకుండా చూర్ణాల పేర్లూ రాయండి. గుండెకు ఆస్పిరిన్ వాడేవాళ్లు సొంతంగా ఆపకూడదు, రాసిన డాక్టర్‌నే అడగాలి.

సిగరెట్, గుట్కా, ఖైనీ, వేప్ ఏదైనా సరే, నికోటిన్ రక్తనాళాలను బిగించేస్తుంది. కనీసం నాలుగు వారాల ముందు, నాలుగు వారాల తర్వాత పూర్తిగా మానేయాలి. రెండు రోజుల ముందు ఆపి, మానేశానని అబద్ధం చెప్తే నష్టపోయేది మీ చర్మమే.

చివరగా భుజం మీది బీసీజీ మచ్చ చూసుకోండి. చెవులు, ముక్కు కుట్టించుకున్నచోట తడమండి. గట్టిగా, ఉబ్బుగా, గాయం కంటే పెద్దగా పెరిగి ఉంటే మీది కిలాయిడ్ పడే ఒళ్లు కావొచ్చు. మన చర్మపు రంగులో ఇది ఎక్కువ, గాయం చుట్టూ నల్లబడటం కూడా ఎక్కువే. ఆపరేషన్‌కు ముందు సర్జన్‌కు వేలుపెట్టి చూపించాల్సిన చోట్లు ఇవి.

నాలుగో అడుగు: కత్తి పట్టేది ఎవరు?

బోర్డు మీద "కాస్మెటిక్ సర్జన్" అని ఉంటే చాలదు. మన దేశంలో ప్లాస్టిక్ సర్జన్ కావాలంటే ఎంబీబీఎస్, తర్వాత సాధారణంగా జనరల్ సర్జరీలో ఎంఎస్, ఆ తర్వాత ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ చేయాలి. కొన్ని వారాల డిప్లొమాలు, ఫెలోషిప్‌ల పేర్లు వినడానికి ఘనంగా ఉంటాయి, వాటిని దీనితో సమానం చేయకండి. 2022 సెప్టెంబర్‌లో జాతీయ వైద్య కమిషన్ ఈ ఆపరేషన్లు, జుట్టు మార్పిడితో సహా, యూట్యూబ్‌లో చూసో వర్క్‌షాపుల్లో కూర్చునో నేర్చుకునేవి కావని, పద్ధతి ప్రకారం శిక్షణ పొందినవాళ్లే చేయాలని మార్గదర్శకాలు ఇచ్చింది. అంత మాట రాయాల్సి వచ్చిందంటే బయట పరిస్థితి ఎలా ఉందో అర్థం చేసుకోవచ్చు.

డాక్టర్ పూర్తి పేరు, రిజిస్ట్రేషన్ నంబర్ తీసుకుని ఇండియన్ మెడికల్ రిజిస్టర్‌లో ఆన్‌లైన్‌లో వెతకండి. ఎంబీబీఎస్ ఒక్కటే కనిపిస్తే తెలంగాణ లేదా ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్‌ను అడగండి, ఎంసీహెచ్‌ను అక్కడ అదనపు అర్హతగా నమోదు చేయించుకోవాలి. ఇది పది నిమిషాల పని. అనుమానం తీరకపోతే ఉస్మానియా, గాంధీ, విశాఖ కేజీహెచ్ లాంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్లాస్టిక్ సర్జరీ విభాగాలున్నాయి. ఓపీ చీటీ తీసుకుని అక్కడ రెండో అభిప్రాయం అడగవచ్చు. అక్కడివాళ్లకు మీకు ప్యాకేజీ అమ్మే అవసరం లేదు.

జుట్టు మార్పిడిని చాలామంది మగవాళ్లు సర్జరీగానే లెక్కపెట్టరు. 2016లో చెన్నైలో ఒక వైద్య విద్యార్థి, కాన్పూర్‌లో 2024 నవంబర్‌లో ఒకరు, 2025 మార్చిలో ఒకరు చొప్పున ఇద్దరు ఇంజనీర్లు జుట్టు మార్పిడి తర్వాతే చనిపోయారు. కాన్పూర్ కేసుల్లో క్లినిక్ నడిపింది డెంటల్ డిగ్రీ ఉన్న వ్యక్తి. "గ్రాఫ్టులు, అంటే వెంట్రుకల కుదుళ్లు, తీసేది ఎవరు, పెట్టేది ఎవరు, డాక్టర్ గదిలో ఎంతసేపు ఉంటారు?" అని అడగండి. డాక్టర్ పేరు చెప్పి టెక్నీషియన్‌తో చేయించే చోట్లు ఉన్నాయి.

ఐదో అడుగు: ఎక్కడ, మత్తు ఎవరు ఇస్తారు?

ఈ ఆపరేషన్లలో మనిషి చనిపోయేది చాలాసార్లు కత్తి వల్ల కాదు. శ్వాస ఆగినప్పుడు, గుండె లయ తప్పినప్పుడు అందుకోవడానికి పక్కన మనిషి, సామాను లేకపోవడం వల్ల. 2024 ఫిబ్రవరిలో జూబ్లీహిల్స్‌లో పెళ్లి కుదిరిన 28 ఏళ్ల యువకుడు నవ్వు అందంగా ఉండాలని డెంటల్ క్లినిక్‌కి వెళ్లి శవమై తిరిగొచ్చాడు. మత్తు ఎక్కువైందని తండ్రి ఫిర్యాదు చేశారు. పళ్ల పనే కదా అనుకునే చోట కూడా ఈ ప్రశ్నలు అడగాలి. మేము ఇవి ఒక కాగితం మీద రాసుకుని వెళ్లాం:

- మత్తు డాక్టర్ పేరేమిటి? ఎంత చదివారు? ఆపరేషన్ అయ్యేవరకు నా తల దగ్గరే ఉంటారా?
- ఆపరేషన్‌కు ముందు రోజో, ఆ ముందో నన్ను చూస్తారా?
- ఆక్సిజన్, గుండెకు షాక్ ఇచ్చే యంత్రం, శ్వాసగొట్టం వేసే సామాను థియేటర్‌లోనే ఉన్నాయా?
- లిగ్నోకైన్ మోతాదు ఎక్కువైతే ఎక్కించే 20 శాతం లిపిడ్ ద్రావణం ఉందా?
- ఐసీయూ ఇక్కడే ఉందా? లేకపోతే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు, ఎంతసేపు పడుతుంది?
- రాత్రి రెండింటికి నేను ఫోన్ చేస్తే ఎత్తేది ఎవరు?

మొదటి క్లినిక్‌లో మత్తు డాక్టర్ గురించి అడిగితే "ఆ రోజు ఎవరు దొరికితే వాళ్లను పిలుస్తాం" అన్నారు. మూడో చోట మత్తు డాక్టరే స్వయంగా వచ్చి కూర్చుని, చెల్లి నోరు తెరిపించి చూసి, సిజేరియన్‌లకు వెన్నులో ఇచ్చిన మత్తు ఎలా పనిచేసిందో అడిగి రాసుకున్నారు. జిల్లా వైద్యాధికారి ఇచ్చే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ గోడ మీద ఉందో లేదో కూడా చూడండి, ఆసుపత్రి నాణ్యతకు ఇచ్చే ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు ఉంటే ఇంకా మంచిది.

"ఎలాగూ మత్తిస్తున్నాం కదా, పొట్టతో పాటు చేతులు, తొడలు, రొమ్ములు కూడా చేసేద్దాం" అంటారు. బేరంలా వినిపిస్తుంది. బల్ల మీద గడిపే ప్రతి గంటా రక్తస్రావం, గడ్డలు, ఒళ్లు చల్లబడటం పెంచుతుంది. పెద్దవి రెండు కలిపి చేద్దామంటే, విడివిడిగా చేస్తే ఏమవుతుందో అడిగి తెలుసుకోండి.

ఆరో అడుగు: ఫొటోలు, సంతకం, డబ్బు

ఇన్‌స్టాలో ముందు-తర్వాత ఫొటోలు చూపిస్తారు. వెలుతురు, నిలబడిన తీరు, బిగించిన కడుపు, అన్నీ చూడండి. ఆరు వారాలవి కాకుండా ఏడాది తర్వాతవి అడగండి. మీలాంటి ఒళ్లు, మీలాంటి రంగు ఉన్నవాళ్లవి అడగండి. బాగా రానివి కూడా చూపించమంటే సిగ్గుపడకుండా చూపించేవాళ్లు ఉన్నారు, మాకు దొరికారు.

కన్సెంట్ ఫారం ఆపరేషన్ బట్టలు వేసుకున్నాక చేతిలో పెట్టి సంతకం పెట్టమంటే అది అనుమతి కాదు. వారం ముందే కాపీ అడగండి, తెలుగులో కావాలంటే తెలుగులో అడగండి. ఆపరేషన్ ఏమిటి, ప్రత్యామ్నాయాలేమిటి, రిస్కులేమిటి అన్నది తగినంతగా చెప్పాకే తీసుకున్న అనుమతి చెల్లుతుందని, ఒకదానికి తీసుకున్న అనుమతితో ఇంకొకటి చేయకూడదని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో చెప్పింది. అందుకే "అవసరమైన ఇతర ప్రొసీజర్లు" అన్న వాక్యం దగ్గర ఆగి, అవి ఏమిటో పేర్లతో రాయించండి. కేస్ షీట్ కాపీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలన్నది వైద్యుల నియమావళిలోనే ఉంది.

కొటేషన్‌లో మత్తు డాక్టర్ ఫీజు, ఆపరేషన్ తర్వాత కట్టుకునే బెల్ట్, పరీక్షలు, జీఎస్టీ ఉన్నాయో లేవో చూడండి. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత చేసే పునర్నిర్మాణం తప్ప కాస్మెటిక్ సర్జరీకి హెల్త్ ఇన్సూరెన్స్ వర్తించదు. దానివల్ల వచ్చిన ఇబ్బందికి ఐసీయూలో చేరినా క్లెయిమ్ తిరస్కరించే వీలుంది. ఆపరేషన్ ఖర్చు ఈఎంఐలో కట్టి, చేతిలో రూపాయి లేకుండా బల్ల ఎక్కడం నాకు అన్నిటికంటే భయం వేసే రిస్క్. మళ్లీ థియేటర్‌కు వెళ్లాల్సి వస్తే ఎంతవుతుందో అడిగి, ఆ డబ్బు పక్కన పెట్టాకే తేదీ తీసుకోండి.

ఏడో అడుగు: తేదీ

పెళ్లికి ముందు, పండక్కి ముందు, వీసా ఇంటర్వ్యూకి ముందు పెట్టుకోకండి. టమ్మీ టక్ తర్వాత మొదటి వారం నిటారుగా నిలబడటమే కష్టం. ఆరు వారాలు బరువు ఎత్తకూడదు. మూడేళ్ల పిల్లాడు "ఎత్తుకో" అని చేతులు చాపితే ఎత్తుకోలేరు, వాడికి అర్థం కాదు. లంగా బొందు సరిగ్గా కుట్ల మీదే ఒరుసుకుంటుంది, కొన్ని నెలలు వదులు నైటీలే దిక్కు. అమెరికా నుంచి మూడు వారాల సెలవుకు వచ్చి, ఇక్కడ తక్కువలో అవుతుందని ఆపరేషన్ పెట్టుకునే మనవాళ్లకు ఇంకో రిస్క్ ఉంది. పదిహేను, ఇరవై గంటల విమాన ప్రయాణం కాలి సిరల్లో గడ్డలకు ఇంకో కారణం. పైగా అక్కడికి వెళ్లాక గాయం విచ్చుకుంటే చూసే డాక్టర్ ఎవరు? ఎన్ని వారాలాగి ఎక్కాలో సర్జన్‌తో రాయించుకున్నాకే టికెట్ కొనండి.

ఎనిమిదో అడుగు: ఇంటికొచ్చాక

నిర్ణయం తీసుకునే ముందే ఈ భాగం ఇంట్లో మాట్లాడుకోవాలి. మొదటి రెండు రాత్రులు పక్కన పడుకునేది ఎవరు? పిల్లల్ని చూసేది ఎవరు? గంటకోసారి లేపి నాలుగడుగులు నడిపించేది ఎవరు? ఇంట్లో చెప్పకుండా చేయించుకుంటే ఈ మనుషులు ఉండరు, రహస్యంగా వెళ్లకండి అని నేను బతిమాలేది అందుకే.

పక్కన ఉండే మనిషికి ఈ గుర్తులు ముందే చెప్పి పెట్టండి. ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పుట్టడం. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో పోటు, స్పృహ తప్పడం. తికమక మాటలు, వణుకు, ఫిట్స్. ఒక పక్కే గబగబా ఉబ్బడం. చలిజ్వరం, చర్మం నల్లబడటం, దుర్వాసనతో కారడం. కడుపు గట్టిపడి భరించలేని నొప్పి. ఆయాసం, ఛాతీ పోటు, స్పృహ, ఫిట్స్ విషయంలో క్లినిక్‌కి ఫోన్ చేసి ఎదురుచూడకండి, 108కి చేసి దగ్గర్లోని పెద్ద ఆసుపత్రికి వెళ్లండి. మొదట చెప్పాల్సిన మాట "ఫలానా రోజు ఫలానా సర్జరీ అయింది" అని.

చెల్లి తమ్ముడి పెళ్లికి ఉన్న పొట్టతోనే పట్టుచీర కట్టుకుంది. ఆరు నెలలు ఐరన్ మాత్రలు వేసుకుని, ఫిజియో వ్యాయామాలు చేసింది. ఎడం కొంత తగ్గింది గానీ వేలాడే చర్మం అలాగే ఉంది. ఆగస్టులో ఆ మూడో సర్జన్ దగ్గరే చేయించుకుంది, టమ్మీ టక్ ఒక్కటే. రెండు రాత్రులు ఆసుపత్రిలో ఉంచారు. మూడో వారంలో పొట్ట కింద నీళ్ల సంచిలా కదిలింది. అర్ధరాత్రి నాకు ఫోన్ చేసి, "అక్కా, ఇది మనం ముందే తెలుసుకున్న ఇబ్బందే, నీరు చేరడం. జ్వరం లేదు, ఎర్రబడలేదు. పొద్దున వెళ్తాను" అంది. వెళ్లింది. మూడుసార్లు సూదితో తీశారు, నాలుగో వారం దాటాక మళ్లీ చేరలేదు.